పొదిగే పెట్ట కరువైతే నాటుకోడి ఎక్కడిది?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ సంతకు వెళ్లినా నాటుకోడికి గిరాకీ పెరిగిందే గాని తగ్గలేదు. ఫారం కోడికి పెట్టే ధరకు రెండింతలు పెట్టి కూడా జనం నాటుకోడినే అడుగుతున్నారు. రాగిసంకటిలోకి నాటుకోడి పులుసు అంటే ఈ సీమలో చుట్టాలకు చేసే మర్యాద. సంక్రాంతి వచ్చినా, మే నెలలో గంగమ్మ జాతర వచ్చినా పుంజు కావలసిందే. ఇంత గిరాకీ ఉన్నప్పుడు పల్లెల్లో ఇంటింటా పిల్లల కోళ్లు కనిపించవలసింది. కాని జరుగుతున్నది వేరు. దొడ్లలో కోళ్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో గుడ్ల మీద ఇరవై ఒక్క రోజులు కూర్చుని, పిల్లలను తీసి, రెక్క కింద పెట్టుకుని సాకే పెట్టలు మాత్రం తగ్గిపోతున్నాయి. పిల్లలు కావలసినవారు అట్టపెట్టెల్లో తెచ్చి అమ్మేవారి కోసం వీధి చివర ఎదురుచూసే రోజులు వచ్చాయి.

ఇది చిన్న విషయంగా తోచవచ్చు. పాల డబ్బు, వేరుశనగ డబ్బు, మామిడి తోట గుత్తకిచ్చిన డబ్బు ఇంటికి రాకముందే దేనికి ఎంతో లెక్క రాసి ఉంటుంది. కోడి డబ్బు అలా కాదు. అది ఇల్లాలి చేతి డబ్బు. పిల్లవాడి నోటు పుస్తకాలకు, ఆసుపత్రికి పోయే బస్సు చార్జీకి, అనుకోకుండా పుట్టింటివారు వస్తే పొయ్యి మీదికి అక్కరకు వచ్చేది ఆ నాలుగు కోళ్లే. వాన లేక చేను ఎండిన ఏడాది ఈ నాలుగు కోళ్ల విలువ ఏమిటో భూమి లేని కుటుంబాలకు మరీ బాగా తెలుసు. ఆ కోళ్ల పిల్లలను కూడా డబ్బిచ్చి కొనవలసి వస్తే ఇక అది ఇల్లాలి సంపాదన ఎలా అవుతుంది? పెట్టుబడి ఒకరిది, లాభం ఒకరిది అయిపోతుంది.

దేశంలో పెరటి కోళ్లు పెరిగాయి గదా, బెంగ దేనికని అడిగేవారు ఉన్నారు. నిజమే. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య 31 కోట్ల 70 లక్షలు. 2012 నాటి లెక్కతో పోలిస్తే సుమారు 46 శాతం ఎక్కువ. సంతోషించవలసిన సంగతే. కాని ఈ మొత్తంలో మేలు రకం పేరుతో యంత్రాల్లో పొదిగించి పంచిన కోళ్లు కూడా కలిసే ఉన్నాయి. తలలు లెక్కపెట్టేవాడు ఈ కోడి పొదుగుతుందా, పొదగదా అని అడగడు. అసలు ప్రశ్న అదే. పొదగని కోళ్లు వంద ఉన్నా వాటి తర్వాత తరం కోసం మళ్లీ హేచరీ గుమ్మం తొక్కవలసిందే. పొదిగే పెట్టలు పది ఉంటే ఆ పల్లె ఎవరి గుమ్మమూ తొక్కనక్కరలేదు.

శ్రీకాళహస్తి పేరు మోసే కోడి

ఈ జిల్లాలవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. హర్యానా రాష్ట్రం కర్నాలులో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో మన దేశపు కోళ్ల జాతులకు ఒక జాబితా తయారు చేసింది. అందులో ‘కాళహస్తి’ అనే జాతి ఉంది. పేరును బట్టే దాని ఊరు తెలుస్తుంది. శ్రీకాళహస్తి చుట్టుపక్కల, నెల్లూరు వైపు పల్లెల్లో తరతరాలుగా ఉన్న కోడి అది. నీలం జీర కలిసిన నలుపు, గోధుమ రంగు ఈకలు దానివి. చూపులకు కొంత అసీలును పోలి ఉంటుంది. ఆ జాబితాలోనే మన జిల్లా పడమటి అంచున, కోలారు వైపు కనిపించే ‘ఘాగస్’ ఉంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు ‘డంకి’ ఉంది. పందెం కోడిగా పేరుపడ్డ అసీలు సరేసరి. నాటుకోడి అంటే జాతీ గోత్రం లేని కోడి అనుకునేవారు ఈ పేర్లను ఒకసారి చదువుకోవాలి.

జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన కోడి బతకదు. ఇందుకు ఈ సీమకు వేరే ఊరి ఉదాహరణ అక్కరలేదు. పుంగనూరు ఆవు సంగతి అందరికీ తెలిసిందే. మూడడుగుల ఆవు, మేత తక్కువ, పాలు చిక్కన. ఒకప్పుడు పుంగనూరు, పలమనేరు ప్రాంతాల్లో సామాన్య రైతు ఇంట ఉండేది. పాలు ఎక్కువిచ్చే సంకర జాతుల మోజులో పడి దానిని పట్టించుకున్నవారు లేకపోయారు. చివరకు పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కొద్దిపాటి మందగా మిగిలిన స్థితి వచ్చింది. ఇప్పుడు ఆ ఆవుకు లక్షల ధర పలుకుతోంది. 2024 సంక్రాంతినాడు ఢిల్లీలో ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన చిత్రాలు దేశమంతా చూసింది. అయితే ఆ లక్షలు ఎవరికి వస్తున్నాయి? ఆ ఆవును తరతరాలు మేపిన రైతు వాకిట్లో మాత్రం అది లేదు. కాళహస్తి కోడి కూడా రేపు ఒక ఫారం యజమాని బోర్డు మీద బొమ్మగా మారి, తొట్టంబేడు, ఏర్పేడు పల్లెల్లో కనిపించకుండా పోతే ఆశ్చర్యపోనక్కరలేదు.

కోడి ఏమిటి, ఆవేమిటి, పోలికేమిటి అని నవ్వనక్కరలేదు. ఆవు జాతి తరగడానికి యాభై ఏళ్లు పట్టవచ్చు. కోడి జాతికి పదేళ్లు చాలు. ఏడాది తిరిగేసరికి తరం మారుతుంది గదా.

పొదగడం అనే గుణం

పెట్ట గుడ్లు పెట్టడం వేరు, పొదగడం వేరు. పది, పదిహేను గుడ్లు పెట్టాక నాటుపెట్ట ఒళ్లు వేడెక్కి, మేత తగ్గించి, ఈకలు ఉబ్బించి, దగ్గరికి వస్తే కొరకొరలాడుతూ గూటిని పట్టుకుంటుంది. దాని మెదడు కింది గ్రంథి నుంచి ప్రోలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా వచ్చినప్పుడు కలిగే మార్పు ఇది. ఆ రోజుల్లో గుడ్లు ఆగిపోతాయి. అందుచేతనే గుడ్ల వ్యాపారానికి ఈ గుణం పనికిరాదు. ఇటలీ నుంచి వచ్చిన లెగార్న్ కోడిలో ఈ గుణాన్ని ఎంచి ఎంచి తీసేశారు. పొదగాలనే తలపే లేదు గనుక అది ఏడాదికి మూడు వందల గుడ్ల దాకా పెడుతుంది. వ్యాపారానికి అది సరైన పనే.

ఈ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ పిల్లకు దిగుతుంది. అందుచేత పొదగని జాతి పుంజును నాటుపెట్టలతో కలిపితే పుట్టే పెట్టల్లో కొన్ని పొదుగుతాయి, కొన్ని గూట్లో నాలుగు రోజులు కూర్చుని లేచిపోతాయి. మరో రెండు తరాలు అదే జరిగితే గుడ్లు సగం పొదిగి వదిలేసే పెట్టలే మిగులుతాయి. ఇలాంటి అర్ధాంతరపు పెట్టను నమ్మి పన్నెండు గుడ్లు పాడుచేసుకున్న ఇల్లాళ్లు పల్లెకు పదిమంది ఉంటారు. తప్పు గుడ్లదనో, దిష్టిదనో అనుకుంటారు. తప్పు పుంజుది.

ఈజిప్టు దేశంలో రెండు వేల ఏళ్ల క్రితం నుంచే పెద్ద పెద్ద మట్టి పొయ్యిల్లో వేలకొద్దీ గుడ్లను పొదిగించే విద్య ఉంది. అక్కడి ఫయూమి కోడి పొదగడానికి పెద్దగా ఇష్టపడదు. మనిషి ఆ పనిని తన చేతిలోకి తీసుకున్నచోట పెట్టకు ఆ పనితో అవసరం లేకపోయింది కాబోలు. ఈజిప్టువానికి పొయ్యి ఉంది. మన పల్లె ఇల్లాలికి ఏముంది?

హైదరాబాదులో రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలను ఇక్కడ తప్పుపట్టడం లేదు. రంగు ఈకలతో, నాటుకోడి పోలికతో, పెరట్లో తిరుగుతూ నాటుపెట్ట కంటే రెట్టింపు గుడ్లు పెట్టే కోడిని తయారు చేయడం గొప్ప పనే. పిల్లలు తినడానికి గుడ్డు కావాలనుకున్న ఇంటికి అది మేలు. కాని వాటికి పొదిగే గుణం ఉండదు. ఆ సంగతి పంచేటప్పుడు ఎవరూ చెప్పరు. పైగా యంత్రంలో పుట్టిన పిల్లకు తల్లి ఉండదు. నాలుగు నుంచి ఆరు వారాలు దీపం వేడి, సరైన దాణా, టీకాలు ఉంటే గాని అది దొడ్లో వదలడానికి పనికిరాదు. కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియని ఇంటికి ఒక రోజు పిల్లలను పది ఇచ్చి పొమ్మంటే వాటిలో వారం తిరిగేసరికి ఎన్ని మిగులుతాయో తెచ్చుకున్నవారినే అడగాలి.

అట్టపెట్టె పిల్లలను తెచ్చుకున్నవారికి కూడా దారి ఉంది. ఇంట్లోగాని, పొరుగింట్లోగాని పొదుగుతున్న పెట్ట ఉంటే, చీకటి పడ్డాక దాని కింది గుడ్లు తీసి ఒక రోజు పిల్లలను మెల్లగా పెట్టాలి. తెల్లవారేసరికి చాలా పెట్టలు తమ పిల్లలే అనుకుని రెక్క కింద పెట్టుకుంటాయి. పగలు పెడితే పొడిచి చంపే ప్రమాదం ఉంది. అంటే మేలు రకం పిల్ల బతకాలన్నా నాటుపెట్టే దిక్కు.

గంప, ఇసుక, ఇనుప ముక్క

పెట్టను పొదగేయడంలో మన పల్లెలకు తెలిసిన విద్య తక్కువేమీ కాదు. పాత గంపలో ఇసుక, దాని మీద వరిగడ్డి, పురుగు పట్టకుండా కొంచెం బూడిద, వేపాకు లేదా వావిలాకు వేసి పది పన్నెండు గుడ్లు పెట్టడం ఇంటింటా ఉన్నదే. పెట్ట చిన్నదైతే పది చాలు. రెక్క కిందికి రాని గుడ్డు చల్లబడి చెడుతుంది. అది చెడేలోగా పెట్ట దానిని లోపలికి తోసి మరొక గుడ్డును బయటికి పంపుతుంది. అలా ఒక గుడ్డు అత్యాశ నాలుగు గుడ్లకు ముప్పు.

గంపలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టడం పరిపాటి. లేకపోతే ఉరుములకు గుడ్లు మురిగిపోతాయంటారు. ఉరుములు ఎక్కువగా వచ్చేది ఎప్పుడు? మండుటెండలు కాసే ఏప్రిల్, మే నెలల్లో, సాయంత్రం గాలివానలప్పుడు. ఆ నెలల్లో గుడ్డును చెడగొట్టేది ఉరుము కాదు, ఎండ. గది వేడి ఇరవై అయిదు డిగ్రీలు దాటిందంటే గుడ్డు లోపలి జీవం పెట్ట కిందికి చేరకముందే కదలడం మొదలుపెట్టి, నిలవలేక చచ్చిపోతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు నలభై రెండు డిగ్రీలు దాటే రోజుల్లో అటక మీద దాచిన గుడ్డు పిల్ల ఎలా అవుతుంది? ఇనుప ముక్క ఉండనివ్వవచ్చు, నష్టం లేదు. గుడ్లను మాత్రం తడి ఇసుక మీద పెట్టిన కుండలో దాచాలి. గుడ్డు పెట్టిన తేదీని బొగ్గుతో దాని మీదే రాసుకుని, వారం, పది రోజుల లోపువే పొదగేసి, పాతవి కూరకు వాడుకోవాలి. ఏడో రోజు రాత్రి టార్చిలైటు వెలుగులో గుడ్డును చూస్తే సాలెగూడులాంటి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించనిది వట్టి గుడ్డు. దాన్ని తీసేస్తే మిగిలినవాటికి వేడి బాగా అందుతుంది.

పెట్ట రోజుకు ఒక్కసారి లేచి, పదిహేను ఇరవై నిమిషాల్లో మేత తిని, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి తిరిగి వస్తుంది. ఆ నిమిషాల్లో గుప్పెడు గింజలు, నీళ్లు దగ్గర పెట్టే ఓపిక చాలా ఇళ్లలో ఉండదు. మేత వెతుక్కుంటూ దూరం పోయిన పెట్టను కుక్క పట్టుకుంటే పెట్టా పోతుంది, గుడ్లూ పోతాయి.

ఇంకో పని ఉంది. అది మానుకోవాలి. పొదగడానికి కూర్చున్న పెట్టను వద్దనుకుంటే ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం చేస్తారు. ఈక గుచ్చితే పుండు పడి కొన్ని పెట్టలు నీరసించి పోతాయి. గాలి తగిలేలా గంప కింద మూసి, గూడు కనిపించకుండా మూడు నాలుగు రోజులు ఉంచితే వేడి దానంతట అదే దిగుతుంది. అంతకంటే మంచి పద్ధతి ఏమిటంటే, మూడు ఇళ్లవారు కలుసుకుని ముగ్గురి పెట్టలను ఒకే రోజు పొదగేయడం. పిల్లలు లేచాక మూడింటి పిల్లలను రాత్రిపూట ఇద్దరు తల్లులకు పంచితే మూడో పెట్ట త్వరగా గుడ్లకు వస్తుంది.

తలకోన, శేషాచలం అడవుల్లో బూడిద రంగు అడవికోడి కూత ఇప్పటికీ వినిపిస్తుంది. మన ఇంటి కోడికి మూలం ఎర్ర అడవికోడి అయినా, పసుపుపచ్చని కాళ్ల రంగు మాత్రం ఈ బూడిద రంగు దాని నుంచి వచ్చిందని 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఆ అడవికోడికి గంప పెట్టినవారు లేరు, దీపం పెట్టినవారు లేరు. అయినా దాని జాతి నిలిచింది. పొదిగే గుణం ఉంది గనుక.

పిల్లలు లేచాక అసలు కష్టం

నాటుకోడి పెంపకంలో నష్టం గుడ్ల దగ్గర రాదు. పిల్లల దగ్గర వస్తుంది. ఒక లెక్క వేసి చూడవచ్చు. పన్నెండు గుడ్లు పెడితే తొమ్మిది పిల్లలు లేచాయనుకుందాం. గద్ద, కాకి, ముంగిస, జంగుపిల్లి, వాన, తెగులు అన్నీ పోగా రెండు నెలలకు మూడు మిగిలితే పొదగేసిన శ్రమ దండగ. ఆరు మిగిలితే అదే పెట్ట ఏడాదికి రెండుసార్లు పొదిగినా పన్నెండు కోళ్లు. గుడ్లు పెంచే ప్రయత్నం కంటే, జాతి మార్చే ప్రయత్నం కంటే, ఈ మూడును ఆరు చేయడమే ఇల్లాలికి లాభం. ప్రభుత్వ పథకాలు మొదటి రెండింటి చుట్టే తిరుగుతూ మూడోదాన్ని విస్మరించడం శోచనీయం.

మొదటి మూడు వారాలు తల్లినీ పిల్లలనూ కలిపి పెద్ద గంప కింద మూసి, పూటకు గంటో రెండు గంటలో మాత్రమే బయటికి వదలాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునిగి చావవు. నూకలు, రాగులు చాలవు. మాంసకృత్తులు కావాలి. అందుకు పాతకాలపు ఉపాయం ఉంది. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి, పాత గోనె ముక్క కూరి సాయంత్రం చెదపుట్ట మీద బోర్లిస్తే తెల్లవారేసరికి కుండనిండా చెదలు పడతాయి. పైసా ఖర్చులేని దాణా. పాడి ఉన్న ఇంట పేడకు కొదవ లేదు గదా. ఈ ఉపాయం ఇప్పటి కుర్రకారుకు తెలియదు.

అన్నిటికంటే పెద్ద శత్రువు కొక్కెర తెగులు. దీన్నే డాక్టర్లు రాణిఖేట్ అంటారు. ఎండాకాలం రాగానే ఒక వీధిలో మొదలై వారంలో ఊరంతా ఊడ్చిపెడుతుంది. మెడ తిరిగిపోవడం, పచ్చగా పారడం, రెక్కలు వాలేయడం చూశాక ఏ మందూ పనిచేయదు. ముందే టీకా వేయాలి. పుట్టిన ఏడో రోజు కంట్లోగాని ముక్కులోగాని ఒక చుక్క లసోటా, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్-2-బి సూది. రెండూ చౌకే. మరి ఎందుకు వేయించుకోరు? బద్ధకం చేత కాదు. టీకా సీసాలో వంద మోతాదులు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. ఒకసారి కలిపితే గంట, రెండు గంటల్లో వాడేయాలి. అంతవరకు మంచు మీద ఉంచాలి. తొమ్మిది పిల్లలున్న ఇల్లాలు వంద మోతాదుల సీసా తెచ్చుకుని ఏం చేస్తుంది? ఆమె తొమ్మిది పిల్లల కోసం సీసా పగలగొట్టడానికి సిబ్బందీ ఇష్టపడరు.

ఇందుకు మార్గం ఒక్కటే. ఊరికి ఒక రోజు ఖాయం చేయాలి. నెలకు ఒకసారి, తెల్లవారుజామున కోళ్లు గూట్లో ఉన్న వేళ. డ్వాక్రా సంఘాల మహిళలు ఏ ఇంట ఎన్ని పిల్లలు ఉన్నాయో ముందురోజే చెప్పగలరు. రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే పశుసంవర్ధక సహాయకులు సీసా తెచ్చి వీధి వీధీ తిరిగితే రెండు గంటల పని. ఆస్ట్రేలియాలో తయారైన ఐ-2 అనే టీకా ఎండను కొంత తట్టుకుంటుంది. మొజాంబిక్ వంటి ఆఫ్రికా దేశాల్లో పల్లె మనుషులే శిక్షణ పొంది దానిని కంటిచుక్కలుగా వేస్తున్నారు. కరెంటు లేని ఆఫ్రికా పల్లెలో చేయగలిగిన పని ఇక్కడ చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

సంతలో కొన్న కోడిని నేరుగా దొడ్లోకి వదలడం కూడా మానాలి. పదిహేను రోజులు వేరే గంప కింద ఉంచితే తెగులుంటే బయటపడుతుంది. 2024 ఫిబ్రవరిలో పొరుగున నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు కోళ్ల రాకపోకల మీద ఎంత కట్టడి పెట్టవలసి వచ్చిందో చూశాం.

మంచి పుంజు సంతకు, మిగిలినది ఇంటికి

జాతి నిలబెట్టడంలో రైతులు చేస్తున్న పొరపాటు కూడా చెప్పుకోవాలి. తొందరగా ఎదిగి, బరువుగా, మెరుస్తూ తిరిగే పుంజును సంక్రాంతికి అమ్మేస్తారు. ఎవరూ కొనని బక్క పుంజు ఇంట మిగులుతుంది. వచ్చే ఏడాది పిల్లలకు తండ్రి అదే. వేరుశనగ రైతు గట్టి కాయను విత్తనానికి దాచి తాలును అమ్ముకుంటాడు గాని, గట్టి కాయను అమ్మి తాలును విత్తుతాడా? కోడి విషయంలో మాత్రం ఏటా అదే జరుగుతోంది. పైగా ఒకే పుంజు తన పిల్లలతో, పిల్లల పిల్లలతో కలుస్తూ పోతే గుడ్లు సరిగా పొదగబడవు, పిల్లలు బలహీనంగా పుడతాయి. ఎనిమిది, పది పెట్టలకు ఒక మంచి పుంజు చాలు. దాన్ని ఏడాదికో, రెండేళ్లకో పక్క ఊరి పుంజుతో మార్చుకోవాలి. అదీ పొదిగే తల్లికి పుట్టిన పుంజే కావాలి.

పుంజుల మాట వచ్చింది గనుక పందేల సంగతి. 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం రెండూ కోడిపందేలను నిషేధించాయి. అయినా పందెం పుంజుకు బాదం, జీడిపప్పు పెట్టే మగవారు, ఆ పుంజును పొదిగి పెంచిన పెట్టకు గుప్పెడు నూకలు వేయడానికి వెనుకాడతారు. మందకు మూలం ఆ పెట్టే.

పథకాల తీరు మారాలి

కేంద్ర ప్రభుత్వం జాతీయ పశుసంవర్ధక మిషన్‌ను 2021లో సవరించి, గ్రామీణ కోళ్ల పెంపకానికి సగం సబ్సిడీ, ఇరవై అయిదు లక్షల రూపాయల వరకు ఇస్తోంది. వెయ్యి కోళ్ల మంద, హేచరీ, పిల్లలను పెంచే షెడ్డు పెట్టగలవారికి అది. పెట్టగలవారు పెట్టుకోవచ్చు. కాని అయిదు పెట్టలున్న ఇల్లాలికి ఆ పథకంలో చోటు ఎక్కడ? ఆమె చేసేదీ అదే పని. మంద ఆమెదే, హేచరీ ఆమె గంపే, పిల్లల షెడ్డు ఆమె పెట్ట రెక్కలే. గద్ద దూరకుండా వలవేసిన రెండు గంపలకు, టీకాలకు, కొంచెం నూకలకు ఇంటికి ఎంత ఖర్చవుతుందో లెక్కవేస్తే, ఒక్క ఫారానికి ఇచ్చే సబ్సిడీతో ఎన్ని పల్లెలు కుదుటపడతాయో అధికారులకే తెలుస్తుంది.

తెలుగునేల మీదే ఇందుకు ఒక దారి వేసినవారు ఉన్నారు. తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ మహిళలతో కలిసి ఆంత్ర అనే సంస్థ అసీలు కోళ్లను నిలబెట్టడానికి పనిచేసింది. బయటి నుంచి పిల్లలు తెచ్చి పంచలేదు. ఉన్న కోళ్లు చావకుండా టీకాలు వేయించి, ఆకు పసరు మందులు వాడించి, ‘వాటా’ అనే పాత పద్ధతిని మళ్లీ నడిపించారు. కోడి లేని ఇంటికి ఒక పెట్టను ఇస్తారు. ఆమె దాన్ని పొదిగించి, పెంచి, పిల్లల్లో వాటా తిరిగి ఇస్తుంది. ఆ వాటా పిల్ల మరొక ఇంటికి పోతుంది. ఈ జిల్లాల్లోనూ గొర్రెను, ఆవును పాలుకు ఇవ్వడం ఎరిగినదే. కోడికి అది వర్తించకపోవడానికి కారణం లేదు. అయితే వాటాకు ఇచ్చే పెట్ట పొదిగే పెట్టే అయి ఉండాలి. పొదగని కోడిని వాటాకు తీసుకున్నవాడు ఏమి తిరిగిస్తాడు?

తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005లో అదే ఊళ్లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి నుంచి శ్రీకాళహస్తి గంట దూరం. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక కూడా రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి గనుక కలెక్టరు కార్యాలయానికీ పని సులువే. అసీలు, ఘాగస్ మందలను హైదరాబాదులో పెంచుతున్నారు. కాళహస్తి కోడిని మాత్రం శ్రీకాళహస్తి పల్లెల్లోనే, ఇల్లాళ్ల చేతనే పెంచించాలి. ముందు కావలసింది షెడ్డు కాదు. తొట్టంబేడు, ఏర్పేడు మండలాల్లో పది పల్లెలు తీసుకుని, ఏ ఇంట ఏ రంగు పెట్ట ఉంది, కిందటేడు ఎన్నిసార్లు పొదిగింది, ఎన్ని పిల్లలు లేచాయి, రెండు నెలలకు ఎన్ని మిగిలాయి అని ఒక నోటు పుస్తకంలో రాసుకు రావాలి. బాగా పొదిగి, బాగా సాకిన పెట్టల పుంజు పిల్లలను ఇంటివారు సంతకు తోలకుండా సంత ధరకు కొని పక్క పల్లెకు ఇవ్వాలి. వర్షాలు తగ్గి చలి తిరిగే జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొదగేసే పెట్టలతో ఈ పని మొదలుపెడితే, ఎండలు ముదిరేలోగా పిల్లలకు మొదటి చుక్క, సూది రెండూ పడిపోతాయి.